ఏ పని ఆగితే గృహప్రవేశం ఆగుతుంది? స్లాక్, క్రిటికల్ పనులు లెక్కగట్టే పద్ధతి

మా ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ పడిన వారం నుంచే టైల్స్ షాపుల చుట్టూ తిరిగాను. టెన్షనంతా వాటి మీదే. గోడల్లో కరెంటు పైపులు వేయాల్సినాయన "రేపొస్తా సార్" అంటూ నాలుగు రోజులు దాటేశాడు. ఐదు రోజుల పనే కదా అని ఊరుకున్నాను. చివరికి పెయింట్ పూర్తయ్యేసరికి సరిగ్గా ఆ నాలుగు రోజులే ఆలస్యం. ముందే తెచ్చిపెట్టిన టైల్స్ పెట్టెలు మాత్రం నెలకు పైగా వరండాలో దుమ్ముకొట్టుకుని పడున్నాయి.

ఏ పని ఎన్ని రోజులు జారినా ఫర్వాలేదో, ఏది ఒక్కరోజు జారినా మొత్తం జారుతుందో కాగితం మీద ముందే లెక్క వేసుకోవచ్చు. కూడిక, తీసివేత వస్తే చాలు. ఇల్లు మొత్తం పూర్తయ్యే తేదీని కదపకుండా ఒక పని ఎన్ని రోజులు ఆలస్యం కావచ్చో ఆ రోజులే దాని స్లాక్. ఫ్లోట్ అన్నా అదే. తెలుగులో వెసులుబాటు అనుకుందాం. వెసులుబాటు సున్నా అయిన పనులే క్రిటికల్ పనులు.

స్లాబ్ వేసిన రోజు నుంచి చివరి పెయింట్ దాకా ఒక చిన్న ఇంటిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. రోజులు నమూనాకు వేసినవి, మీ మేస్త్రిని అడిగి మీవి వేసుకోండి.

## 1. ముందు చిట్టా రాయండి

పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో దానికి మూడు విషయాలు కావాలి: పేరు, ఎన్ని రోజులు, అది మొదలవ్వాలంటే ముందు ఏవి పూర్తవ్వాలి.

1. సెంట్రింగ్ ఆగడం, విప్పడం: 16 రోజులు, ముందు ఏమీ లేదు
2. ద్వారబంధాలు, కిటికీ చౌకట్లు చేయించడం: 10 రోజులు, ముందు ఏమీ లేదు
3. టైల్స్ ఎంపిక, ఆర్డర్, సైటుకు రావడం: 15 రోజులు, ముందు ఏమీ లేదు
4. గోడలు కట్టడం: 12 రోజులు, 1, 2 అయ్యాక
5. తలుపు రెక్కలు చేయించడం: 25 రోజులు, 2 అయ్యాక (వడ్రంగి ఒకరే)
6. గోడల్లో కరెంటు పైపులు: 5 రోజులు, 4 అయ్యాక
7. గోడల్లో నీళ్ళ పైపులు: 3 రోజులు, 4 అయ్యాక
8. లోపలి ప్లాస్టరింగ్: 12 రోజులు, 6, 7 అయ్యాక
9. ప్లాస్టర్ తడపడం: 7 రోజులు, 8 అయ్యాక
10. టైల్స్ పరచడం: 9 రోజులు, 3, 9 అయ్యాక
11. గోడలు ఆరడం, పుట్టీ, ప్రైమర్: 16 రోజులు, 9 అయ్యాక
12. తలుపులు బిగించడం: 3 రోజులు, 5, 10 అయ్యాక
13. చివరి పెయింట్: 5 రోజులు, 11, 12 అయ్యాక

ఇందులో చాలామంది రాయడం మరిచిపోయేవి 1, 9, 11. ఎవరూ చెమటోడ్చని పనులు కాబట్టి లెక్కలోకి రావు. కానీ కాలం తినేది అవే. సెంట్రింగ్ మన ఇష్టం వచ్చినప్పుడు విప్పేది కాదు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, మామూలు సిమెంటుతో వేసిన స్లాబు కింద ఆధారాలు 4.5 మీటర్ల లోపు స్పాన్‌కు (గోడలు లేదా బీముల మధ్య దూరం) కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉండాలి. బీముల కింద 6 మీటర్ల లోపు 14, దాటితే 21 రోజులు. ఇక్కడ 14 రోజులు ఆగి, 2 రోజుల్లో విప్పుతున్నాం అనుకున్నాను.

చిట్టా ముగించే ముందు చూసుకోండి:

- ఆరడం, తడపడం, సరుకు రావడం లాంటి ఎదురుచూపులు రాశారా?
- మొదటి పనులకు తప్ప ప్రతిదానికీ "ముందు ఏది" ఉందా?
- చివరిదానికి తప్ప ప్రతిదానికీ "తర్వాత ఏది" ఉందా?
- "ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అన్న అలవాటును తప్పనిసరి వరుసగా రాశారా? అలాగైతే కొట్టేయండి.

రోజులు అడిగేటప్పుడు ఒక మాట. "ఎన్ని రోజులు పడుతుంది?" అంటే పదిరోజుల పనికి పదిహేను చెబుతారు, దాని మీద మనం ఇంకో రెండు వేసుకుంటాం. అప్పుడు వచ్చే వెసులుబాటు లెక్క అంతా అబద్ధం. "మనుషులు, సరుకు సిద్ధంగా ఉంటే ఎన్ని రోజులు?" అని అడగండి. భయానికి వేసుకునే అదనపు రోజులన్నీ ఒకచోట చేర్చి చివర్లో, పెయింట్‌కీ గృహప్రవేశానికీ మధ్య పెట్టుకోండి.

## 2. మొదటి నుంచి చివరికి: త్వరగా ఎప్పుడు అవుతుంది?

స్లాబ్ వేసిన రోజు సున్నా. ముందు ఏమీ లేని పనులు సున్నాలో మొదలవుతాయి. మొదలుకు రోజులు కలిపితే ముగింపు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఒక పనికి ముందు రెండు పనులుంటే, వాటిలో ఆలస్యంగా ముగిసేది పట్టుకోవాలి. సెంట్రింగ్ 16కు, ద్వారబంధాలు 10కి ముగుస్తాయి. గోడలు 16లోనే మొదలవుతాయి. 12 కలిపితే 28. కరెంటు పైపులు 28 నుంచి 33, నీళ్ళ పైపులు 28 నుంచి 31. ప్లాస్టరింగ్‌కు రెండూ కావాలి కనుక 33లో మొదలై 45లో ముగుస్తుంది. తడపడం 52కు అవుతుంది.

అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. పుట్టీ వైపు 52 నుంచి 68. టైల్స్ వైపు 52 నుంచి 61, ఆపైన తలుపులు 64కు. చివరి పెయింట్‌కు రెండూ కావాలి కాబట్టి 68లో మొదలై 73లో ముగుస్తుంది.

మొత్తం 73 రోజులు. పదమూడు పనుల రోజులూ విడివిడిగా కూడితే 138 వస్తుంది. కొన్ని పక్కపక్కన నడుస్తాయి కాబట్టి అంత పట్టదు.

## 3. చివరి నుంచి మొదటికి: ఆఖరికి ఎప్పటిలోపు?

ఇప్పుడు 73 నుంచి వెనక్కి రండి. ముగింపులో నుంచి రోజులు తీసేస్తే ఆఖరి మొదలు వస్తుంది. చివరి పెయింట్ ఆఖరికి 68లో మొదలవ్వాలి. కాబట్టి పుట్టీ, తలుపులు రెండూ 68లోపు ముగియాలి. తలుపులు 68 లోంచి 3 తీస్తే 65. టైల్స్ 65 లోంచి 9 తీస్తే 56.

ఈసారి నియమం తిరగబడుతుంది: ఒక పని తర్వాత రెండు పనులుంటే, వాటి ఆఖరి మొదళ్ళలో చిన్నది పట్టుకోవాలి. తడపడం అయ్యాక టైల్స్ (56), పుట్టీ (52) రెండూ ఉన్నాయి. పట్టుకోవాల్సింది 52. మొదటిసారి చేసేవాళ్ళు తప్పేది ఇక్కడే. పెద్దది పట్టుకుంటే లేని వెసులుబాటు నాలుగు రోజులు పుట్టుకొస్తుంది, దాన్ని నమ్మి కూర్చుంటారు.

ద్వారబంధాల తర్వాత గోడలు (16), తలుపు రెక్కలు (40). చిన్నది 16. అందుకని ద్వారబంధాలు ఆఖరికి 6లో మొదలై 16లో ముగియాలి.

## 4. తీసివేత

ఆఖరి మొదలు లోంచి త్వరగా మొదలయ్యే రోజు తీసేయండి. అదే వెసులుబాటు.

| పని | త్వరగా మొదలు–ముగింపు | ఆఖరి మొదలు–ముగింపు | వెసులుబాటు |
|---|---|---|---|
| 1 సెంట్రింగ్ | 0–16 | 0–16 | 0 |
| 2 ద్వారబంధాలు | 0–10 | 6–16 | 6 |
| 3 టైల్స్ ఆర్డర్ | 0–15 | 41–56 | 41 |
| 4 గోడలు | 16–28 | 16–28 | 0 |
| 5 తలుపు రెక్కలు | 10–35 | 40–65 | 30 |
| 6 కరెంటు పైపులు | 28–33 | 28–33 | 0 |
| 7 నీళ్ళ పైపులు | 28–31 | 30–33 | 2 |
| 8 ప్లాస్టరింగ్ | 33–45 | 33–45 | 0 |
| 9 తడపడం | 45–52 | 45–52 | 0 |
| 10 టైల్స్ పరచడం | 52–61 | 56–65 | 4 |
| 11 పుట్టీ, ప్రైమర్ | 52–68 | 52–68 | 0 |
| 12 తలుపులు | 61–64 | 65–68 | 4 |
| 13 చివరి పెయింట్ | 68–73 | 68–73 | 0 |

సున్నాలన్నీ వరుసగా చదవండి: సెంట్రింగ్, గోడలు, కరెంటు పైపులు, ప్లాస్టరింగ్, తడపడం, పుట్టీ, పెయింట్. ఇదే క్రిటికల్ పాత్. రోజులు కూడి చూడండి: 16, 12, 5, 12, 7, 16, 5 కలిపి 73. మొత్తం రోజులతో సరిపోతేనే లెక్క కరెక్టు. సరిపోకపోతే ఎక్కడో చిన్నదీ పెద్దదీ తారుమారయ్యాయి.

నన్ను అంత పరిగెత్తించిన టైల్స్ ఆర్డర్‌కు 41 రోజులు ఉంది. నేను ఊరుకున్న కరెంటు పైపులకు సున్నా.

క్రిటికల్ అంటే కష్టమైనదనో ఖరీదైనదనో కాదు. ద్వారబంధాలకు పెట్టే టేకు ఖర్చుతో పోలిస్తే గోడలు తడపడానికి అయ్యేదెంత? నీళ్ళు, ఒక మనిషి. అయినా క్రిటికల్ అదే.

## 5. వెసులుబాటు ఎవరిది?

పట్టికలో టైల్స్ పరచడానికి 4, తలుపులకు 4 కనిపిస్తాయి. కలిపి 8 రోజులున్నాయనుకుంటే మునిగినట్టే. ఆ నాలుగు రోజులూ ఇద్దరివీ. టైల్స్ మేస్త్రి నాలుగూ వాడేసుకుంటే వడ్రంగికి మిగిలేది సున్నా, ఆ క్షణం నుంచి తలుపులు కూడా క్రిటికలే. ఉమ్మడి బావిలో నీళ్ళు ఒకరు తోడేస్తే రెండోవారి చేదకు బురదే వస్తుంది.

అందుకే రెండో లెక్క ఒకటి ఉంది. తర్వాతి పనిని కదపకుండా ఎన్ని రోజులు జారవచ్చు? దీన్ని ఫ్రీ స్లాక్ అంటారు, మనం సొంత వెసులుబాటు అందాం. తర్వాతి పని త్వరగా మొదలయ్యే రోజు లోంచి ఈ పని త్వరగా ముగిసే రోజు తీసేయాలి. తర్వాత రెండు పనులుంటే ముందుగా మొదలయ్యేదాన్ని పట్టుకోవాలి.

- టైల్స్ పరచడం: తలుపులు 61లో మొదలు, టైల్స్ 61లో ముగింపు. సొంతం సున్నా.
- తలుపులు: పెయింట్ 68, తలుపులు 64. సొంతం 4.
- తలుపు రెక్కలు: 61 లోంచి 35 తీస్తే సొంతం 26.
- టైల్స్ ఆర్డర్: 52 లోంచి 15 తీస్తే సొంతం 37.
- ద్వారబంధాలు: తర్వాత ముందుగా మొదలయ్యేది తలుపు రెక్కలు, 10లో. సొంతం సున్నా. జారితే ఇల్లు ఆగదు, కానీ వడ్రంగి రెక్కల మీదికి వెళ్ళేది ఆలస్యమవుతుంది.

సొంత వెసులుబాటు ఆ పని చేసేవాళ్ళ ఇష్టానికి వదిలేయొచ్చు. ఉమ్మడిది మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. టైల్స్ మేస్త్రికి "నాలుగు రోజులు అటూఇటూ అయినా ఫర్వాలేదు" అని ఎప్పుడూ చెప్పొద్దు. ఆయనకు తేదీ చెప్పండి, అది 61.

## 6. ముహూర్తం ముందే ఉంటే

మన దగ్గర తేదీ ఇంజనీరు కంటే ముందు పంతులుగారు చెబుతారు. ఆ తర్వాత శూన్యమాసమో మూఢమో ఉంటే వెనక్కి జరపడం కుదరదు. స్లాబ్ నుంచి 66వ రోజుకు పెయింట్ అయిపోవాలి అనుకుందాం.

వెనక లెక్కను 73 బదులు 66 నుంచి మొదలుపెడితే క్రిటికల్ పనులన్నింటికీ మైనస్ 7 వస్తుంది. టైల్స్ పరచడం, తలుపులు మైనస్ 3కి దిగుతాయి. మైనస్ కనబడగానే లెక్క తప్పిందనుకోకండి. ఏడు రోజులు ఎక్కడో తగ్గించాలి అని అర్థం.

తగ్గించే వరుస ఇదీ:

1. క్రిటికల్ పనులే చూడండి. టైల్స్ వాళ్ళకు అదనంగా డబ్బిచ్చి 9 రోజుల పని 5 రోజుల్లో చేయించినా ఇల్లు 73కే అవుతుంది.
2. వాటిలో ముట్టుకోకూడనివి పక్కన పెట్టండి. సెంట్రింగ్, తడపడం, గోడ ఆరడం. పచ్చి గోడ మీద పుట్టీ వేస్తే తర్వాత పెచ్చులూడేది మీ ఇంట్లోనే.
3. మిగిలినవాటిలో రోజుకు తక్కువ ఖర్చుతో తగ్గేది ముందు తగ్గించండి.
4. ఒక్కో తగ్గింపు తర్వాత పట్టిక మళ్ళీ వేయండి.

మన ఇంట్లో గోడలు ఇంకో మేస్త్రిని కలిపి 12 నుంచి 9, కరెంటు పైపులు ఇంకో మనిషితో 5 నుంచి 3, ప్లాస్టరింగ్ 12 నుంచి 10. మూడు, రెండు, రెండు కలిపి ఏడు.

నాలుగో మెట్టు ఎందుకో కరెంటు పైపుల దగ్గర తెలుస్తుంది. అది 3కు తగ్గగానే నీళ్ళ పైపుల వెసులుబాటు పోయి, రెండూ క్రిటికల్ అయ్యాయి. ఇక ఎలక్ట్రీషియన్‌కు ఎంత డబ్బిచ్చి రెండు రోజులకు తెచ్చినా ప్లాస్టరింగ్ ముందుకు రాదు. ప్లంబర్ కూడా తగ్గాలి.

## 7. తరచూ జరిగే తప్పులు, వాటి మందు

మనుషులు ఒకరేనని మరచిపోవడం. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. బయటి ప్లాస్టరింగ్‌ను పై చిట్టాలో కావాలనే వదిలేశాను. పదిరోజుల పని, గోడలు అయ్యాక 28లో మొదలుపెట్టొచ్చు, కాగితం మీద దానికి బోలెడు వెసులుబాటు కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నాం కదా అని మేస్త్రి 28లో బయట మొదలుపెడతాడు. 33కు లోపలికి రావాలి, కానీ పరంజా కట్టేశాడు, మధ్యలో దిగడు. 38కి వస్తాడు. ఇల్లు 78కి అవుతుంది. మందు: ఒకే ముఠా చేసే పనుల మధ్య కూడా "ముందు, తర్వాత" గీత గీయండి. లోపలి ప్లాస్టరింగ్ ముందు, బయటిది 45 తర్వాత.

పని రోజులూ క్యాలెండర్ రోజులూ కలిపేయడం. ఆదివారం మేస్త్రి రాకపోయినా గోడ ఆరుతూనే ఉంటుంది. చాలాచోట్ల అమావాస్యకు పని ఆపుతారు. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు కనుమ మర్నాడే వస్తారని ఆశ పెట్టుకోవద్దు. మందు: రోజుల లెక్క అయ్యాక గోడ క్యాలెండర్ మీద తేదీలు వేసి, సెలవులు పడిన చోట మనుషుల పనులు మాత్రం జరపండి.

మధ్యలో ఉండే ముహూర్తం. ప్రధాన ద్వారం నిలబెట్టడానికి ముహూర్తం 19వ రోజున ఉంటే, ఆ గోడ అప్పటిదాకా లేవదు. మందు: గోడల పనిని రెండుగా విడగొట్టండి. మిగతా గోడలు 16లో మొదలు, సింహద్వారం గోడ 19లో. విడగొట్టకపోతే మూడు రోజులు ఊరికే పోతాయి.

కొద్దిపాటి వెసులుబాటును పట్టించుకోకపోవడం. 2, 4 రోజులనేవి సున్నాకు పక్కిళ్ళే. వాటినీ క్రిటికల్ పనుల్లాగే చూడండి.

వెసులుబాటు ఉందని అందరినీ ఆఖరి మొదలుకు నెట్టడం. టైల్స్ ఆర్డర్ 41వ రోజున ఇస్తే అన్నీ అనుకున్నట్టు జరిగినప్పుడే 56కు వస్తాయి. ఒక్క పెట్టె పగిలి, అదే షేడ్ దొరక్కపోతే? నేనైతే వరండాలో దుమ్ము పడకుండా, 25 ప్రాంతంలో ఆర్డర్ ఇస్తాను.

## 8. వారానికోసారి మళ్ళీ లెక్క

క్రిటికల్ పాత్ ఒకసారి గీసి గోడకు తగిలించేది కాదు, అది మారుతుంది. టైల్స్ పని 9 రోజుల బదులు 15 పట్టిందనుకోండి. 52 నుంచి 67, తలుపులు 70, పెయింట్ 75. రెండు రోజుల ఆలస్యం. ఇప్పుడు క్రిటికల్ దారి టైల్స్, తలుపుల మీదుగా వెళ్తుంది. నిన్నటి దాకా సున్నా ఉన్న పుట్టీకి రెండు రోజులు వెసులుబాటు వచ్చింది. ఇంకా పుట్టీ వాళ్ళను తరుముతూ కూర్చుంటే లాభం లేదు.

ప్రతి ఆదివారం పది నిమిషాలు:

- అయిపోయిన పనుల అసలు ముగింపు తేదీలు వేశానా?
- నడుస్తున్న పనికి "ఎంత అయింది" అని కాదు, "ఇంకా ఎన్ని రోజులు" అని అడిగానా?
- పట్టిక మళ్ళీ వేశాక కొత్తగా సున్నాకు వచ్చిన పని ఏది?
- వచ్చే వారం మొదలయ్యే క్రిటికల్ పనికి మనిషి, సరుకు, అడ్వాన్సు సిద్ధమా?
- ఆ మనిషికి రెండు రోజుల ముందు ఫోన్ చేశానా?

## 9. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు

పదిహేను, ఇరవై పనుల వరకు కాగితం, ఎక్సెల్ చాలు. ముందు లెక్కకు మ్యాక్స్, వెనక లెక్కకు మిన్ ఫంక్షన్లు.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో టోటల్ స్లాక్ (మన వెసులుబాటు), ఫ్రీ స్లాక్ కాలమ్‌లు విడిగా తెచ్చుకోవాలి. ప్రైమవేరాలో అదే టోటల్ ఫ్లోట్. లెక్క వింతగా కనిపిస్తే ముందు మూడు చూడండి. ఒకటి, మొదలు తేదీని చేత్తో టైప్ చేశారా? చేస్తే "ఆ తేదీ కంటే ముందు మొదలవ్వకూడదు" అన్న షరతు పడుతుంది, ముందు పనులు త్వరగా అయినా ఈ పని ముందుకు జరగదు. రెండు, తర్వాతి పనికి ముడి వేయని పని ఉందా? దానికి ప్రాజెక్టు చివరిదాకా వెసులుబాటు చూపిస్తుంది. మూడు, మామూలు క్యాలెండర్‌లో శని, ఆదివారాలు సెలవు. తడపడం 7 రోజులని వేస్తే కనీసం తొమ్మిది రోజులకు సాగుతుంది, దానికి ఎలాప్స్‌డ్ డేస్ (సెలవులు కూడా కలిపి లెక్కపెట్టే రోజులు) వాడాలి.

గృహప్రవేశం తేదీని పనికి గట్టి షరతుగా కట్టకుండా డెడ్‌లైన్ గడిలో వేయండి. తేదీలు వాటి లెక్కన అవి కదులుతాయి, ముహూర్తం దాటిన రోజున మైనస్ కనిపిస్తుంది.